పాత హార్డ్ డిస్క్ పీకేస్తే సర్వర్ బూట్ అవ్వడం లేదు

విజయనగరంలో మా ఇంట్లో ఓ పాత డెస్క్‌టాప్ మీద చిన్న వెబ్ సర్వర్ నడుపుతున్నాను, సిరిమానోత్సవం ఫొటోలు పెట్టే సైటు. 500 జీబీ హార్డ్ డిస్క్ మూలుగుతోంది, స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చేది) పెండింగ్ సెక్టార్లు, అంటే సరిగ్గా చదవలేకపోతున్న భాగాలు, పెరుగుతున్నాయి, పైగా అందులోని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 18.04కి మామూలు సపోర్ట్ 2023లోనే అయిపోయింది. అందుకని ఎస్ఎస్‌డీ పెట్టి 24.04 కొత్తగా ఇన్‌స్టాల్ చేశాను. సైటు, డేటాబేస్ బాగానే వచ్చాయి.

రెండు డిస్కులూ ఉంటే బూట్ అవుతుంది. పాతదాని సాటా కేబుల్ తీస్తే చాలు, బూట్ డివైస్ లేదంటూ నల్ల తెర. చూస్తే 512 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగం) పాత డిస్కులోనే ఉంది, ఎస్ఎస్‌డీలో ఉన్నదల్లా ఒక్క ఈఎక్స్‌టీ4 రూట్ పార్టిషన్, అంటే సిస్టమ్ ఫైళ్లుండే లినక్స్ భాగం. డిస్క్ విభజన పద్ధతి కొత్తదైన జీపీటీయే, బయోస్‌లో పాత పద్ధతి బూట్‌కి వాడే సీఎస్ఎం ఆఫ్. బయోస్‌లో బూట్ ఆర్డర్ మార్చాను. గ్రబ్ (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ కమాండ్ ఎస్ఎస్‌డీ మీద నడిపితే ఎర్రర్ ఏమీ లేదంటుంది గానీ రాసేది మళ్లీ పాత డిస్కులోకే, ఎందుకంటే ఈఎఫ్ఐ ఫోల్డర్ అక్కడి నుంచే మౌంట్ అవుతోంది. కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారే క్షణంలో మెషీన్ రీస్టార్ట్ అవుతుంది, అప్పుడల్లా ఆ డిస్క్ లేస్తుందో లేదోనని టెన్షన్.

లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిపే పెన్‌డ్రైవ్) రూట్ పార్టిషన్ కాస్త కుదించి, ఎస్ఎస్‌డీలోనే ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి గ్రబ్ వేస్తే సరిపోతుందా, లేక మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేయాల్సిందేనా?