లక్రాస్‌లో చిన్నపిల్లలకు డిఫెన్స్ ఎలా నేర్పాలి?

7, 8 ఏళ్ల పిల్లలకు లక్రాస్ (చివర వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి, విసిరి గోల్ చేసే ఆట) నేర్పిస్తున్నాను. బంతి పట్టడం, విసరడం బాగానే వస్తోంది. డిఫెన్స్ దగ్గరే టెన్షన్. బంతి ఎటుంటే అందరూ అటే పరుగెడతారు, గోల్ ముందు ఒక్కరూ మిగలరు. ఎదురుగా ఎవరైనా రాగానే స్టిక్ ఎత్తి కొట్టబోతారు, ఎవరికి దెబ్బ తగులుతుందోనని నాకు భయం.

ఈ వయసులో స్టిక్ కంటే కాళ్లే ముఖ్యమని నా నమ్మకం. మోకాళ్లు కొద్దిగా వంచి, గోల్‌కీ ప్రత్యర్థికీ మధ్య నిలబడి, పక్కకు అడుగులేస్తూ వాళ్లను మైదానం అంచువైపు మళ్లించాలి. అందుకే స్టిక్‌లు పక్కన పెట్టించి ఆడించాను. చక్కగా చేశారు! స్టిక్ చేతికి రాగానే మళ్లీ మొదటికొచ్చింది.

ఒకరిని ప్రత్యర్థి దాటేస్తే పక్కవాళ్లు వచ్చి అడ్డుకునే స్లైడ్ ఇప్పుడే నేర్పాలా, ఇంకో ఏడాది ఆగాలా? మీరు ఆడించి చూసిన చిన్న ఆటలేవైనా ఉంటే దయచేసి చెప్పండి.