మన ఎండలో రంగులు ఉన్నాయా, మాడిపోయాయా?

ఎండదెబ్బ_తిరుపతి:
మా తమ్ముడు అమెరికా నుంచి ఫోటోలు పంపాడు. ఆకులు రాలే కాలమట, మేపుల్ చెట్లు ఎర్రగా, పసుపుగా, ఊరంతా పెళ్లిపందిరిలా ఉంది. మనకేముంది? మే నెలలో శేషాచలం కొండ చూస్తే మాడిన దోసె రంగు. వేడి దేశంలో రంగులెక్కువ అనేది ఏసీ గదిలో కూర్చున్నవాళ్ల మాట. కాదంటే చెప్పండి.

బంగారుపాళెం_తోట:
సామీ, మీరు మిట్టమధ్యాహ్నం చూసుంటారు. మనకు ఏప్రిల్ చివర్లో, మళ్లీ ఆగస్టు మధ్యలో సూర్యుడు నడినెత్తికే వస్తాడు. నీడ కాళ్ల కిందికి దూరుతుంది. ఆ వెలుతురులో కొండైనా గోడైనా ఒకటే. పొద్దున ఆరింటికి రేణిగుంట రోడ్డు వైపు నుంచి చూడండి.

ఇక మేపుల్ ఎరుపంటారా, అది ఆంథోసయనిన్ అనే పదార్థం. మా తోతాపురి మామిడి చిగురులోనూ ఉండేది అదే. కొమ్మ చివర ఆకులు గుత్తిగా వేలాడుతుంటాయి, రాగి రంగులో, పట్టుకుంటే తడిసిన పట్టుగుడ్డలా మెత్తగా. కొన్నాళ్లకే పచ్చబడిపోతాయి. వాళ్ల ఆకు పోతూ ఎర్రబడుతుంది, మాది పుడుతూనే ఎరుపు.

ఎండదెబ్బ_తిరుపతి:
చిగురు బాగుందన్నా. కానీ ఒక చెట్టుకు నాలుగు కొమ్మలు. అక్కడ కొండలకు కొండలే!

అలిపిరి_మెట్లు:
మన అడవి కూడా ఆకు రాలుస్తుంది, నీళ్లు దాచుకోడానికి. మోదుగ చెట్టు మోడుగా ఉన్నప్పుడే పూస్తుంది, ఆకులు అడ్డం లేవు కాబట్టి పిట్టలకు దూరం నుంచే కనిపిస్తుంది. మీరంతా ఫోటోలు తీసే తురాయి మాత్రం మడగాస్కర్ నుంచి వచ్చింది. ఎర్రచందనం ఇంకా తమాషా. బెరడు మొసలి తోలులా నల్లగా పగిలి ఉంటుంది, పూలేమో పసుపు. ఎరుపంతా లోపల చేవలోనే.

కాళహస్తి_కోడలు:
మా అత్తగారింట్లో కలంకారీ పని. కరక్కాయ, పాలు కలిపి గుడ్డను ముంచి ఎండలో ఆరేస్తాం. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నానబెట్టిన నీళ్లతో గీస్తే గుడ్డలోని కరక్కాయ తగిలి గీత నల్లబడుతుంది. నవంబరు ముసురులో గుడ్డ ఆరదు, పని ఆగుతుంది. కాబట్టి నాకు ఎండ కావాలి. అయినా ఎండదెబ్బ గారిది అబద్ధం కాదు. మా వీధి గుమ్మానికి వేసిన తెరలో పసుపు రెండు వేసవులకే వెలిసిపోయింది. ఎరుపు నిలిచింది. మా అత్త ఇప్పటికీ ఆ తెర నేనే పాడుచేశానంటుంది.

బంగారుపాళెం_తోట:
అది ఎండ తప్పు కాదక్కా, నీడన వేసుకోవాల్సింది.

కాళహస్తి_కోడలు:
గుమ్మానికి నీడ ఎక్కడ తెచ్చేది అన్నా?

ఎండదెబ్బ_తిరుపతి:
మీ పోరు పడలేక ఇవాళ పొద్దున వెళ్లాను. కొండ అంచు నిజంగానే ఎర్రగా, కుంకుమ రాసినట్టుంది. ఒప్పుకుంటా. టీ తాగి కప్పు పడేసేలోపు తేలిపోయింది. ఎనిమిదికి మళ్లీ దోసె.