ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తర్వాత పాలిమర్: పెయింట్లా, త్రీడీ ప్రింటింగ్ రెజిన్లా?

ప్రశ్న, బరంపురం నుంచి: మాస్టారూ, నమస్కారం. భంజబిహార్‌లో (బరంపురం యూనివర్సిటీ) ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. పాలిమర్ వైపు వెళ్లాలని ఉంది. ఇనుముకు వేసే రక్షణ పూతల్లోనే పని దొరుకుతుందని కొందరు, భవిష్యత్తంతా ప్రింటింగ్ రెజిన్లదేనని కొందరు. ఇప్పుడే తేల్చుకోవాలా? ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు, రాయగడ నుంచి: అక్కర్లేదు తమ్ముడూ. రెండూ ఒక తల్లి పిల్లలే. చిక్కటి ద్రవం మన చెప్పుచేతల్లో గట్టిపడాలి, అంతే. ఇనుము పూతల్లో వాడే ఎపాక్సీ రెజిన్‌లో ఆ పని దానితో కలిపే అమీన్ హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) చేస్తుంది. ప్రింటింగ్ రెజిన్లలో ఎక్కువగా ఎక్రిలేట్లనే రసాయనాలు ఉంటాయి. చాలా డెస్క్‌టాప్ ప్రింటర్లలో వాటిని గట్టిపరిచేది 405 నానోమీటర్ల వెలుగు. 1986లో స్టీరియోలిథోగ్రఫీకి (వెలుగుతో రెజిన్‌ను పొరపొరగా గట్టిపరిచే త్రీడీ ప్రింటింగ్) పేటెంట్ పొందిన చక్ హల్‌కు ఆ ఆలోచన ఎక్కడ తట్టిందనుకున్నావు? బల్లల మీది పూతను అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే కంపెనీలో!

నన్నడిగితే పూతలతో మొదలుపెట్టు. రేవులు, వంతెనలు, పైపులైన్లు ఉన్నంతకాలం తుప్పుకు కొదవ లేదు. గేట్ పరీక్షలో ఎక్స్ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్ తీసుకుంటే పాలిమర్ విభాగం ఉంటుంది. పూతలకే ప్రత్యేకంగా చదవాలంటే ముంబై ఐసీటీ (కెమికల్ టెక్నాలజీ విద్యాసంస్థ). భువనేశ్వర్‌లో సిపెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది గానీ అక్కడ ప్లాస్టిక్‌లదే పెద్దపీట.

మరొకరు, పర్లాకిమిడి నుంచి: మాది డెంటల్ ల్యాబ్, రెజిన్ ప్రింటర్ వాడతాం. గట్టిపడని రెజిన్ చర్మానికి తగిలితే ఎలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే వదలదు. నైట్రైల్ గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకు బాబూ.

మళ్ళీ బరంపురం: నాన్నగారు గోపాల్‌పూర్ వైపు గేట్లు, గ్రిల్స్ చేస్తారు. వానాకాలంలో ఎపాక్సీ ప్రైమర్ మీద వేసిన పై కోటు పొరలుగా లేచిపోతోంది. ప్రైమర్ మాత్రం గట్టిగానే ఉంది. డబ్బా కల్తీదంటారా?

రాయగడ: డబ్బా మీదికి పోకు. పై కోటు వేసే ముందు ప్రైమర్‌ను వేలితో తడిమితే జిడ్డుగా, మైనం పూసినట్టు ఉంటోందా? అయితే అది అమీన్ బ్లష్. పైకి తేలిన హార్డెనర్‌తో గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి ఆ జిడ్డు పొర కడతాయి. దాని మీద ఎంత ఖరీదైన పాలీయురెథేన్ పై కోటు వేసినా నిలవదు. ముందుగా థిన్నర్‌తో తుడిచేస్తుంటారు, జిడ్డు ఇంకా పరుచుకుంటుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాక సాండ్‌పేపర్ పట్టి, అప్పుడు వెయ్యమను. ఇక ముందు ఇనుము వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉందో లేదో చూశాకే ఎపాక్సీ, హార్డెనర్ డబ్బాలు కలపాలి. తేమ 85 శాతం దాటితే ఆ రోజు పని మానుకోవడమే మేలు.

ఇంటర్వ్యూలో ఫార్ములాలు ఎవరైనా అప్పజెబుతారు. లేచిన పొర చూసి ఎందుకు లేచిందో చెప్పేవాడి కోసమే వాళ్లు చూస్తారు. ఆ గేట్ల ఫోటోలు దాచుకో.

బరంపురం: డ్యూ పాయింట్ చూడ్డానికి ఏం కొనాలి మాస్టారూ?

రాయగడ: తేమ, గాలి వేడి చూపే చిన్న మీటరు ఒకటి, ఇనుముకు ఆనించే థర్మామీటరు ఒకటి. చార్ట్ నేను పంపుతాను.