పెరట్లో కూలిన వేపతో బల్ల చేయించుకోవచ్చా?

పెరటి వేప:
మొన్నటి గాలివానకు తణుకులో మా పెరటి వేప కూలింది. మొదలు కౌగిలికి అందనంత లావు. వంటచెరకుకు కొంటామని ఇద్దరు వస్తే పంపించేశాను. వరండాలోకి ఒక బల్ల, గోడకు రెండు అరలు, సంచులు తగిలించుకునే పలక ఒకటి చేయించుకోవాలని ఉంది. కోత మిల్లు దగ్గరే. వడ్రంగి మాత్రం "వేప ఎందుకమ్మా, ప్లైవుడ్ తెచ్చుకోండి" అంటున్నారు. వేప నిజంగా పనికిరాదా? మిల్లులో ఏమని చెప్పి కోయించాలి?

పాత అడితి:
వేప భేషైన కలపండి. ఆ చేదుకు పురుగు త్వరగా పట్టదు. అదే మామిడి అయితే మందు పట్టించకుండా ఇంట్లోకి తేవద్దనేవాణ్ని. వడ్రంగిని తప్పుపట్టలేం. పచ్చి కలపతో చేసిన బల్ల ఆరు నెలల్లో వంకరపోతే మాట పడేది ఆయనే.

దుంగ రెండు చివరలకూ ఈరోజే పాత పెయింటు దట్టంగా పూయండి. తడి అటునుంచే తొందరగా ఆరిపోయి బీటలు లోపలికి పాకుతాయి. బల్లకు 2 అంగుళాలు, అరలకు అంగుళంపావు మందాన కోయించండి. ఆరి, చిత్రిక పట్టేసరికి కొంత పోతుంది. దుంగ నడిమధ్య నుంచి వచ్చే పలకను బల్లకు వాడకండి, చీలేది అదే. ఇంటి చెట్టు కదా, బట్టల తీగకు కొట్టిన మేకులుంటే ముందే పీకించండి. రంపానికి మేకు తగిలిందంటే మిల్లువాళ్లు ఊరుకోరు.

పెరటి వేప:
మేకులేమిటి, ఉయ్యాల కొక్కెమే బెరడులో కూరుకుపోయి ఉంది! ఆరడానికి ఎన్నాళ్లు పడుతుంది?

పాత అడితి:
కొక్కెం ఉన్న ముక్కను కోసి పక్కన పడేయండి, ఇనుము చుట్టూ చెక్క నల్లబడి ఉంటుంది. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. ఇటుకల మీద పేర్చండి. పలకకూ పలకకూ మధ్య ఒకే మందం బద్దలు, పైనుంచి కిందికి ఒకే వరుసలో ఉండాలి. బద్ద పక్కకు జరిగితే పలక అక్కడే వంగుతుంది. నీడ, గాలి ఉంటే చాలు. పైన నాలుగు రాళ్లు బరువు పెట్టండి.

లక్కపిడత:
సంచులు తగిలించే పలకకు ఇనుప కొక్కేలు వద్దండి, చెక్క గుబ్బలు పెట్టించండి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి (గిర్రున తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కి) లక్క రంగులతో బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుబ్బలు కావాలని కొలత ఇచ్చి అక్కడివాళ్లను అడిగి చూడండి. తడి బట్టలు మాత్రం వాటికి తగిలించకండి, లక్క మెరుపు పోతుంది.