బస్తీ పిల్లలకు డబ్బు లెక్కలు: ఆదివారం గంటన్నరలో ఏం చేయించాలి?

బస్తీబడి: కమ్యూనిటీ హాల్లో 9, 10, ఇంటర్ పిల్లలు పాతికమంది. పొదుపు, బ్యాంకు, ఫోన్‌లో డబ్బు పంపడం నేర్పాలి. లెక్చర్ ఇస్తే రెండోవారానికి సగం మంది రావట్లేదు. చాలామందికి సొంత ఫోన్ లేదు. ఎలా?

లెక్కలపలక: ముందుగా, నెలవారీ బడ్జెట్ పట్టిక పక్కన పెట్టండి. రోజుకూలీ ఇళ్లలో నెల జీతం ఉండదు, వారం లెక్కే వేయించాలి. ఐదుగురికో జట్టు, జట్టుకు 3,500 రూపాయల కాగితం నోట్లు (వందలు 30, యాభైలు 10). బియ్యం, గ్యాస్, అద్దె వంతు ధరలు పిల్లలే చెప్పాలి, మీరు బోర్డు మీద రాయాలంతే. పంపకం అయ్యాక ఒక్కో జట్టూ ఒక చీటీ తీయాలి: "రెండ్రోజులు పని లేదు", "తమ్ముడికి జ్వరం", "పెళ్లిలో చదివింపులు".

వెంటనే "అప్పు తెస్తాం" అంటారు. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. ఐదు రూపాయల వడ్డీ అందరికీ తెలిసిన మాటే, అది ఏడాదికి 60 శాతమని తెలియదు. 2,000 తెస్తే నెలకు వంద, ఏడాదికి 1,200 కట్టినా అసలు అలాగే ఉంటుంది. బోర్డు మీద నెలనెలా వాళ్లచేతే వేయించండి.

వాళ్ల సొంతింటి ఖర్చులు మాత్రం అడక్కండి. నాన్న తాగుడు ఖర్చు నలుగురిలో బయటపడితే ఆ పిల్ల మళ్లీ రాదు. కల్పిత కుటుంబం చాలు.

పాస్‌బుక్: బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారాలు తెచ్చి తలా మూడు ఇవ్వండి. మొదటిది పాడవుతుంది: అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి రాస్తారు, లేదా సంతకం ఒక్కోచోట ఒక్కోలా పెడతారు. పదేళ్లు దాటితే సొంతంగా నడుపుకునే ఖాతా తెరవొచ్చు, పరిమితులు బ్యాంకును బట్టి. ఆధార్‌లో పేరు, స్కూల్ రికార్డులో పేరు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట పూర్తి ఇంటిపేరు, ఇంకోచోట పొడి అక్షరం ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర తంటా. 15 నిండినవాళ్లు బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకున్నారా అన్నదీ అడగండి.

ఓటీపీ మోసానికి ఫోన్ అక్కర్లేదు. ఇద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టి ఒకరిని మోసగాడిగా మాట్లాడించండి, ఎదురెదురుగా అయితే నవ్వేస్తారు. బుర్రకెక్కాల్సిన మాట ఒక్కటే: ఫోన్‌లో డబ్బు రావడానికి పిన్ నొక్కక్కర్లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైతే అది వేరే ఖాతాలకు పాకిపోతుంది.

మెట్లదారి: ఇంటర్ పిల్లలకు ఇంకో ప్రమాదం ఉంది. "నీ ఖాతా, ఏటీఎం కార్డు ఇవ్వు, కమీషన్ ఇస్తా" అని తెలిసినవాళ్లే అడుగుతారు. మోసం సొమ్ము అందులో పడితే పోలీసులు వచ్చేది ఖాతాదారు ఇంటికే. "ఇవ్వకూడదు" అని చెబితే సరిపోదు, స్నేహితుడి మొహం మీద కాదనడం కష్టం. "కార్డు అమ్మ దగ్గరుంది" లాంటి జవాబు వాళ్లే తయారుచేసుకుని నాలుగైదుసార్లు పైకి అనాలి. అడిగేవాడు రెండోసారీ మూడోసారీ బతిమాలాలి, మొదటిసారికి అందరూ కాదంటారు.

మానేస్తున్నది ఎక్కువగా అమ్మాయిలైతే పాఠాన్ని కాదు, టైమును అనుమానించండి. నీళ్లొచ్చే వేళ, బట్టలుతికే వేళ క్లాసు పెడితే ఎవరొస్తారు? సాయంత్రం నాలుగుకు మార్చి చూడండి.