అప్‌డేట్: ముక్కులో పాలిప్‌లు, నొప్పి మాత్రతో ఆయాసం

శస్త్రచికిత్స తర్వాత కూడా ముక్కులో పాలిప్‌లు (మెత్తటి బుడిపెలు) ఎందుకు పెరుగుతున్నాయని, ఐబుప్రోఫెన్ వేసుకున్న గంటలో ఆయాసం ఎందుకు వచ్చిందని అడిగాను. రెండింటినీ కలిపి చూడమన్నవారికి కృతజ్ఞతలు, మీ అనుమానమే నిజమైంది: రెండూ ఒకే జబ్బు, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలతో ముదిరే శ్వాసకోశ వ్యాధి (ఏఈఆర్‌డీ). ఆసుపత్రిలో, వైద్యుల పర్యవేక్షణలో ఆస్పిరిన్ ఇచ్చి చూసి నిర్ధారించారు. ఈ జబ్బున్నవారిలో ఇలాంటి మాత్రలు శరీరంలోని కాక్స్-1 అనే ఎంజైమును అడ్డుకుంటే, వాపును, ఆయాసాన్ని తెచ్చే ల్యూకోట్రయీన్లు అనే రసాయనాలు విపరీతంగా పెరుగుతాయట. నా మూత్రంలో ల్యూకోట్రయీన్ ఈ4, రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) రెండూ ఎక్కువే.

ఇది ఐజీఈ అనే యాంటీబాడీ వల్ల వచ్చే మామూలు అలర్జీ కాదు. నేను పట్టుబట్టి చేయించుకున్న చర్మ పరీక్షలు, మార్చిన దిండ్లు ఇందులో దేనికీ పనికిరాలేదు!

ల్యూకోట్రయీన్ల ప్రభావాన్ని అడ్డుకునే మాంటెలుకాస్ట్ మాత్రతో కొంతే తగ్గింది. వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-4, 13 అనే ప్రొటీన్ల సంకేతాలను ఆపే డుపిలుమాబ్ ఇంజెక్షన్లు మొదలయ్యాక పాలిప్‌లు కుంచించుకుపోయాయి. వాసన తెలియకుండా పోయిన రెండేళ్ళ తర్వాత మళ్ళీ సబ్బు వాసన తెలిసింది. జ్వరమొస్తే ఇక పారాసిటమాలే, అదీ వైద్యులు చెప్పిన మోతాదులోనే.