పెద్దపేగు ఆపరేషన్ తర్వాత పెట్-సీటీ అవసరమా?

ప్రశ్న: మా నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ జరిగి 14 నెలలైంది. సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా, రక్తంలో సీఈఏ (పెద్దపేగు క్యాన్సర్ తిరగబెడితే పెరిగే అవకాశమున్న ఒక ప్రొటీన్) క్రమంగా పెరుగుతున్నందున పెట్-సీటీ చేయించమన్నారు. సీటీకి చిక్కనిది అందులో తెలుస్తుందా?

జవాబు: తెలిసే అవకాశం ఉందండి. సీటీ ప్రధానంగా అవయవాల ఆకారాన్ని చూపితే, పెట్ స్కాన్ క్యాన్సర్ కణాల్లా గ్లూకోజును అధికంగా వాడుకునే కణాలను వెలుగుతున్నట్టు పట్టిచూపుతుంది. అయితే వాపు, ఇన్ఫెక్షన్ ఉన్న చోటు కూడా అలాగే వెలుగుతుంది కనుక, అది క్యాన్సరేనని వెంటనే నిర్ధారించుకోకుండా బయాప్సీ గురించి అడగండి. జిగురు ఎక్కువగా ఉండే రకం కణితి ఒక్కోసారి వెలగదు. నాన్నగారిది ఏ రకమో తెలియడానికి పాత బయాప్సీ రిపోర్టు చూపించండి. మధుమేహం ఉంటే ముందే చెప్పండి.

మరో జవాబు: మా అమ్మగారికి పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) వద్ద కనిపించినది ఆపరేషన్ మచ్చో, తిరగబెట్టిన కణితో సీటీలో తేలక ఎంఆర్ఐ తీశారు. పాత స్కాన్ల సీడీలన్నీ తప్పక తీసుకువెళ్లండి.

ఇంకొక జవాబు: కాలేయంలో ఒకటిరెండు గడ్డలు బయటపడినా నిరాశ చెందకండి, వాటిని తొలగించగలిగినప్పుడు పూర్తిగా కోలుకున్నవారూ ఉన్నారు.